గల్ఫ్ మెడికల్‌లో ‘హెచ్‌బీఎస్‌ఏజీ రియాక్టివ్’: తమ్ముడి రిపోర్టు, అన్న రిపోర్టు

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలోని ఒక గ్రామం. మా తమ్ముడికి 26 ఏళ్లు. దుబాయిలో పని కోసం మెడికల్‌కు వెళ్తే ‘హెచ్‌బీఎస్‌ఏజీ రియాక్టివ్’ అని రాసి అన్‌ఫిట్ చేశారు. వాడికి ఒంట్లో ఏ బాధా లేదు, కామెర్లు ఎన్నడూ రాలేదు. భయపడి ఇంట్లో అందరం రక్తపరీక్ష చేయించుకుంటే అమ్మకూ రియాక్టివ్ వచ్చింది. నాకు హెచ్‌బీఎస్‌ఏజీ నాన్ రియాక్టివ్ అని, దాని కింద ‘యాంటీ హెచ్‌బీఎస్ రియాక్టివ్, 312’ అని వచ్చింది. నేను ఒక నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తాను, చేరినప్పుడు మూడు డోసుల టీకా వేశారు. ఈ యాంటీజెన్ అంటే ఏమిటి? వాడి రియాక్టివ్ చెడ్డది, నా రియాక్టివ్ మంచిది ఎలా అవుతాయి? వాడి ఒళ్లు ఆ వైరస్‌తో ఎందుకు పోరాడలేదు? మూడు సూదులు వేయిస్తే నెగటివ్ అవుతుందని ఏజెంటు అంటున్నాడు, నిజమేనా? వాడికి పెళ్లి కూడా కుదిరింది. ఏం చేయమంటారు?

సమాధానం: రిపోర్టులో ‘రియాక్టివ్’ అనే మాట కనిపించగానే ముందుగా అడగవలసింది, దొరికిన పదార్థం ఎవరిది అని. మీ తమ్ముడి రక్తంలో దొరికింది హెపటైటిస్ బి వైరస్‌కు చెందిన ప్రొటీన్. అంటే ఆ వైరస్ ప్రస్తుతం ఆయన కాలేయంలో ఉన్నదని అర్థం. మీ రక్తంలో దొరికింది వైరస్‌ది కాదు, ఆ ప్రొటీన్‌ను పట్టుకోవడానికి మీ శరీరమే తయారు చేసుకున్న యాంటీబాడీ. ఒకే ప్రొటీన్ చుట్టూ తిరిగే పరీక్షలైనా, మొదటిది వైరస్ ఉనికిని చెబుతుంది, రెండవది వైరస్ నుంచి రక్షణ ఉన్నదని చెబుతుంది. ల్యాబు వాళ్లు రెండింటికీ ఒకే ముద్ర వేసి పంపడం వల్ల ఎన్నో ఇళ్లలో ఇటువంటి అనవసరపు కంగారు పుడుతోంది.

రక్షణ వ్యవస్థకు చెందిన తెల్లరక్తకణాలు గానీ యాంటీబాడీలు గానీ గుర్తుపట్టి అతుక్కోగలిగిన ఏ పదార్థాన్నైనా యాంటీజెన్ అంటారు. అది వైరస్ పైపొరలోని ప్రొటీన్ కావచ్చు, బ్యాక్టీరియా గోడలోని చక్కెర పదార్థం కావచ్చు, పాము విషం కావచ్చు, పుప్పొడి కావచ్చు, మరొకరి ఎర్రరక్తకణాల మీది బ్లడ్ గ్రూపు గుర్తు కూడా కావచ్చు. యాంటీజెన్ అయినంత మాత్రాన అది హాని చేసేదే కానక్కరలేదు. పైగా శరీరం ఆ పదార్థాన్ని మొత్తంగా గుర్తుపట్టదు. దానిలోని చిన్న చిన్న భాగాలను మాత్రమే గుర్తుపడుతుంది. మీ తమ్ముడి రిపోర్టులోని హెచ్‌బీఎస్‌ఏజీ హెపటైటిస్ బి వైరస్ పైపొరలో ఉండే యాంటీజెన్. దానిలోని ఒక చిన్న వంపు వంటి భాగం దాదాపు అన్ని రకాల హెపటైటిస్ బి వైరస్‌లలోనూ ఒకే తీరుగా ఉంటుంది కనుకనే ఒక్క టీకా అన్నింటి మీదా పనిచేస్తోంది, ఒక్క పరీక్ష అన్నింటినీ పట్టుకుంటోంది.

ఈ యాంటీజెన్ బయటపడిన తీరు కూడా చెప్పుకోదగినది. అమెరికాకు చెందిన శాస్త్రవేత్త బరూక్ బ్లమ్‌బర్గ్ 1960లలో వెతికినది కామెర్ల వైరస్ కోసం కాదు. వేర్వేరు జాతుల మనుషుల రక్తంలోని ప్రొటీన్లలో వంశపారంపర్యంగా వచ్చే తేడాల కోసం ఆయన వెతుకుతున్నారు. అనేకసార్లు రక్తం ఎక్కించుకున్న వాళ్ల శరీరంలో ఇతరుల ప్రొటీన్ల మీద యాంటీబాడీలు పుట్టి ఉంటాయని ఊహించి, అటువంటి ఒక హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగి సీరాన్ని, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని, లోకం నలుమూలల నుంచి తెప్పించిన నమూనాలతో కలిపి చూశారు. ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంతో కలిపినప్పుడు ఆ రెండింటి మధ్య ఒక తెల్లటి గీత ఏర్పడింది, అంటే యాంటీబాడీ ఏదో పదార్థాన్ని పట్టుకుందన్నమాట. తెలియని ఆ పదార్థానికి ‘ఆస్ట్రేలియా యాంటీజెన్’ అని పేరు పెట్టి 1965లో ప్రకటించారు. అది హెపటైటిస్ బి వైరస్ పైపొర అని తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1970ల తొలినాళ్ల నుంచి అమెరికా బ్లడ్ బ్యాంకుల్లో దాని కోసం రక్తాన్ని పరీక్షించడం మొదలై, రక్తమార్పిడి వల్ల వచ్చే కామెర్లు బాగా తగ్గాయి. 1976లో బ్లమ్‌బర్గ్‌కు నోబెల్ బహుమతి లభించింది. ఆయన పుట్టినరోజైన జూలై 28ని నేడు ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతున్నారు.

ఇక శరీరం ఎలా స్పందిస్తుందన్నది. యాంటీజెన్‌ను చూసిన తరువాత శరీరం దానికి తగిన కణాన్ని కొత్తగా మలుచుకుంటుందని చాలామంది అనుకుంటారు, కానీ జరిగేది దానికి భిన్నం. బి కణాలు, టి కణాలు అనే తెల్లరక్తకణాలు తయారయ్యేటప్పుడే వాటి జన్యువుల ముక్కలు రకరకాలుగా కలిసి, ఒక్కొక్క కణం మీద ఒక్కొక్క తీరు గ్రాహకం (యాంటీజెన్‌ను పట్టుకునే భాగం) ఏర్పడి ఉంటుంది. అటువంటి కోట్లాది కణాల్లో, వచ్చిన యాంటీజెన్‌కు సరిపోయేవి ఏ కొన్నో ముందే ఉంటాయి. యాంటీజెన్ వచ్చి వాటిని ఎంపిక చేసుకుంటుంది, ఎంపికైనవి వేల సంఖ్యలో పెరుగుతాయి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఫ్రాంక్ మాక్‌ఫర్లేన్ బర్నెట్ 1957లో ప్రతిపాదించిన ఈ ఆలోచన మీదే నేటి రోగనిరోధక శాస్త్రం నిలబడి ఉంది.

మీకు భుజం కండలోకి టీకా వేసినప్పుడు జరిగినదీ ఇదే. అక్కడ కాపలా ఉండే డెండ్రిటిక్ కణాలు యాంటీజెన్‌ను మింగి, ముక్కలు చేసి, దగ్గరలోని లింఫ్ గ్రంథికి చేర్చి, ఆ ముక్కలను తమ ఉపరితలం మీద నిలిపి టి కణాలకు చూపుతాయి. సరిపోయిన సహాయక టి కణం మేలుకుని, అదే యాంటీజెన్‌ను పట్టుకుని ఉన్న బి కణానికి అనుమతి ఇస్తుంది. ఈ అనుమతి లేకపోతే బి కణం సాధారణంగా ముందుకు సాగదు. ఏదో ప్రమాదం జరిగిందన్న సూచన అందకపోతే డెండ్రిటిక్ కణం కూడా టి కణాన్ని సరిగా మేల్కొలపదు. శుద్ధి చేసిన ప్రొటీన్ ఒక్కటే ఇస్తే స్పందన బలహీనంగా ఉంటుంది కనుక, ఆ సూచన ఇవ్వడానికే టీకాలో అల్యూమినియం లవణం కలుపుతారు. ఆ తరువాత బి కణాలు విభజన చెందుతూ, యాంటీజెన్‌ను మరింత గట్టిగా పట్టుకోగల వాటిని నిలుపుకుంటూ, తక్కినవాటిని వదిలేస్తూ పోతాయి. మొదట ఐజీఎం రకం యాంటీబాడీలు, ఆ వెనుక ఐజీజీ రకం వస్తాయి. కొన్ని బి, టి కణాలు ఏళ్ల తరబడి జ్ఞాపక కణాలుగా మిగిలిపోతాయి. రిపోర్టులోని 312 ఈ క్రమమంతటి ఫలితం. మూడు డోసులూ పూర్తయ్యాక ఆ అంకె 10 దాటితే రక్షణ ఉన్నట్లు లెక్క. మున్ముందు అది 10 కంటే తగ్గినా, ఆరోగ్యవంతుడైన మనిషిలో జ్ఞాపక కణాలు చాలావరకు పని చూసుకుంటాయి.

అయితే యాంటీబాడీలు రక్తంలో తిరిగే వైరస్‌ను పట్టుకోగలవు గాని, కాలేయ కణంలోకి ఇప్పటికే చొరబడిన దాన్ని చేరలేవు. ఆ పని సంహారక టి కణాలది. వైరస్ సోకిన ప్రతి కాలేయ కణం లోపల తయారవుతున్న వైరస్ ప్రొటీన్ల ముక్కలను తన ఉపరితలం మీద ప్రదర్శిస్తుంది. టి కణాలు వాటిని గుర్తుపట్టి ఆ కణాన్ని చంపుతాయి, లేదా రసాయన సంకేతాలతో లోపలి వైరస్‌ను అణచివేస్తాయి. హెపటైటిస్ బి వైరస్ తనంతట తాను కాలేయ కణాన్ని పెద్దగా చంపదు. కాలేయానికి జరిగే నష్టం, కళ్లు పచ్చబడడం, కాలేయ పరీక్షలోని ఎస్‌జీపీటీ అంకె పెరగడం, ఇవన్నీ ప్రధానంగా మన రక్షణ వ్యవస్థ చేసే దాడి ఫలితాలు. మీ తమ్ముడికి కామెర్లు ఎన్నడూ రాకపోవడం వైరస్ బలహీనమైనదని గాని, రిపోర్టు తప్పని గాని చెప్పదు. ఆయన శరీరం ఇంతవరకు ఆ వైరస్‌తో గట్టిగా తలపడలేదని మాత్రమే చెబుతుంది.

ఎందుకు తలపడలేదన్న ప్రశ్నకు జవాబు ఎక్కువగా వయసులో ఉంటుంది. ఈ వైరస్ పెద్దవాళ్లకు సోకితే నూటికి 95 మందికి పైగా ఆరు నెలల్లో దాన్ని వదిలించుకుంటారు. పురిట్లో సోకిన శిశువుల్లో మాత్రం నూటికి 90 మందిలో అది శాశ్వతంగా నిలిచిపోతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ రక్షణ వ్యవస్థ ఏది తనది, ఏది పరాయిది అన్న పాఠం ఇంకా నేర్చుకుంటూ ఉంటుంది. దానికి తోడు, వైరస్ విడుదల చేసే ‘హెచ్‌బీఈఏజీ’ అనే మరో యాంటీజెన్ తల్లి కడుపులోనే మావిని దాటి బిడ్డను చేరి, ఆ వైరస్ పట్ల ఒక సహనాన్ని ముందే అలవాటు చేస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. మీ అమ్మగారికి కూడా రియాక్టివ్ వచ్చింది కనుక మీ తమ్ముడికి పురిట్లోనే సోకి ఉండే అవకాశం ఎక్కువ, అయితే అది నూటికి నూరుపాళ్లు ఖాయమని చెప్పలేము. ఈ మాట విని ఎవరైనా ఆమెను తప్పు పడితే మీరు అడ్డుపడండి. పురిటినాటి టీకా దేశమంతటా ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది 2011లో. మీ తమ్ముడు పుట్టిన రోజుల్లో తనకు ఈ వైరస్ ఉన్నదని ఆమెకు చెప్పినవారూ ఉండరు, బిడ్డకు సూది వేసినవారూ ఉండరు.

సహనం ఒక్కటే కారణం కాదు, ఈ వైరస్ వేసే ఎత్తుగడ కూడా ఒకటి ఉంది. సోకిన కాలేయ కణం పూర్తి వైరస్‌ను మాత్రమే బయటికి పంపదు; లోపల జన్యుపదార్థం ఏమీ లేని, కేవలం పైపొర యాంటీజెన్‌తో చేసిన చిన్న గోళాలను కూడా పంపుతుంది. తూర్పారబట్టే ముందు కుప్పలో గట్టి గింజల మధ్య పొల్లు ఉన్నట్లే ఇవి రక్తంలో తిరుగుతుంటాయి, కాకపోతే ఇక్కడ ఒక గట్టి గింజకు వెయ్యి నుంచి లక్ష దాకా పొల్లే ఉంటుంది. పుట్టిన కొద్దిపాటి యాంటీబాడీలు ఆ పొల్లుకు అతుక్కుని ఖర్చైపోతాయి. ఏళ్ల తరబడి ఒకే యాంటీజెన్‌ను అంత మోతాదులో చూస్తున్న టి కణాలు అలసిపోయి స్పందించడం మానేస్తాయి.

అదే పొల్లు వైద్యానికి వరమైంది. వైరస్ జన్యువులు లేవు కనుక అది జబ్బు కలిగించలేదు. పైపొర అచ్చంగా వైరస్‌దే కనుక దాన్ని చూసిన శరీరం అసలు వైరస్‌ను కూడా గుర్తుపడుతుంది. 1981లో అమెరికాలో అనుమతి పొందిన తొలి టీకాను వైరస్ ఉన్నవారి రక్తం నుంచి ఈ గోళాలనే వేరుచేసి, శుద్ధి చేసి తయారు చేశారు. ఇతరుల రక్తం నుంచి తీసిన టీకా అంటే జనానికి సహజంగానే జంకు ఉండేది. 1986 నాటికి ఆ ఒక్క ప్రొటీన్‌కు చెందిన జన్యువును ఈస్ట్ కణంలో పెట్టి, ఈస్ట్ చేతనే యాంటీజెన్‌ను తయారు చేయించారు. జన్యు పునస్సంయోజన పద్ధతిలో మనుషుల కోసం తయారైన తొలి టీకా అదే. మన దేశంలో ఆ పని మొట్టమొదట జరిగింది హైదరాబాదులో. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్ బి టీకాను విడుదల చేసింది. అంతవరకు దిగుమతి టీకా ధర సామాన్య కుటుంబానికి అందనిదిగా ఉండేది, ఆ తరువాత అది బాగా దిగివచ్చింది. మీరు వేయించుకున్నది ఏ సంస్థ టీకా అయినా అందులో ఉన్నది సాధారణంగా ఈస్ట్ తయారు చేసిన ఆ పైపొర యాంటీజెనే. అందులో వైరస్ లేదు.

ఇప్పుడు ఏజెంటు మాటకు వస్తాను. టీకా ఒక డోసులో పెద్దవాళ్లకు ఇచ్చేది సాధారణంగా 20 మైక్రోగ్రాముల యాంటీజెన్. దీర్ఘకాలంగా వైరస్ ఉన్న మనిషిలో అదే యాంటీజెన్ ప్రతి మిల్లీలీటరు రక్తంలోనూ మైక్రోగ్రాముల లెక్కలో ఉండగలదు; అలాంటి లీటర్ల కొద్దీ రక్తంలో రాత్రింబవళ్లు తిరుగుతున్న దాన్నే పట్టించుకోని శరీరం, భుజంలో వేసిన మరో 20 మైక్రోగ్రాములను చూసి మేలుకుంటుందని ఆశించడానికి ఆధారం లేదు. ఈ టీకా సోకకముందు ఆపడానికి ఉన్నది, సోకినదాన్ని తీసివేయడానికి కాదు. ఇప్పుడు మీ తమ్ముడికి టీకా వేయిస్తే హాని ఉండకపోవచ్చు గాని, డబ్బూ ఆరు నెలల కాలమూ వృథా అవుతాయి, అసలు చేయవలసిన పరీక్షలు ఆగిపోతాయి. పసరు మందు తాగిస్తే నెగటివ్ అవుతుందని చెప్పేవాళ్లు కూడా మీకు తారసపడతారు. పెద్దవాళ్లలో కొత్తగా సోకిన హెపటైటిస్ బి చాలావరకు తనంతట తాను తగ్గిపోతుంది కనుక, ఆ పేరంతా ఆ సమయంలో తాగిన పసరుకు దక్కింది. మీ తమ్ముడిది ఆ కోవ కాకపోవచ్చు. పైగా కొన్ని పసరు మందులు కాలేయానికే హాని చేస్తాయి.

టీకా విషయంలో ఒక చిన్న సంగతి ఉంది. టీకా వేసిన తరువాత రెండు మూడు వారాల లోపు రక్తం పరీక్షిస్తే, సూదిలో ఇచ్చిన యాంటీజెనే రక్తంలో కనిపించి, వైరస్ లేని మనిషికి కూడా హెచ్‌బీఎస్‌ఏజీ రియాక్టివ్ అని రావచ్చు. మీ తమ్ముడు మెడికల్‌కు ముందు ఎక్కడైనా టీకా వేయించుకున్నారా అని అడగండి. వేయించుకోకపోయినా, ఒక్క పరీక్ష మీద ఆధారపడక మరో ల్యాబులో ఎలైజా వంటి పద్ధతిలో మళ్లీ చేయించి, దానితో పాటు ‘యాంటీ హెచ్‌బీసీ టోటల్’ కూడా చూడమనండి. వైరస్ లోపలి ప్రొటీన్ మీద పుట్టే ఈ యాంటీబాడీ టీకా వల్ల రాదు, వైరస్ సోకినప్పుడు మాత్రమే వస్తుంది. అదే పరీక్ష మీరు చేయించుకుంటే మీ 312 ఎక్కడిదో కూడా తెలుస్తుంది: నాన్ రియాక్టివ్ అయితే అది పూర్తిగా టీకా ఇచ్చినది, రియాక్టివ్ అయితే మీకూ ఎప్పుడో వైరస్ సోకి, మీ శరీరం దాన్ని అదుపులోకి తెచ్చుకున్నదని అర్థం. రెండవ సందర్భంలో భయపడవలసింది లేదు, కాని భవిష్యత్తులో క్యాన్సర్ మందులో, ఎక్కువ కాలం స్టెరాయిడ్లో వాడవలసి వస్తే ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి, ఎందుకంటే అణగి ఉన్న వైరస్ అప్పుడు తిరిగి లేచే ప్రమాదం ఉంది.

యాంటీజెన్‌ను వెతకాలా, యాంటీబాడీని వెతకాలా అన్న ఎంపిక వైద్యులు అనుదినం చేసేదే. డెంగీ జ్వరం తొలి నాలుగైదు రోజుల్లో ఎన్‌ఎస్1 యాంటీజెన్ పరీక్ష చేయిస్తారు. ఆ తరువాత వైరస్ తగ్గి యాంటీబాడీలు పెరుగుతాయి కనుక ఐజీఎం చూస్తారు. పాము కాటుకు ఇచ్చే మందు మరో దారిలో పుట్టింది: విషాన్ని యాంటీజెన్‌గా కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన యాంటీబాడీలను శుద్ధి చేసి మనకు ఇస్తారు.

మీ తమ్ముడి వీసా గురించి మీకు ఇష్టం లేని మాట చెప్పక తప్పదు. హెపటైటిస్ బికి మంచి మాత్రలు ఉన్నాయి. టెనోఫోవిర్, ఎంటెకావిర్ వైరస్ వృద్ధిని బాగా అణచి, కాలేయం గట్టిపడిపోకుండా, క్యాన్సర్ ముప్పు తగ్గేలా చేస్తాయి. కాని కణ కేంద్రకంలో దాగిన వైరస్ జన్యుపదార్థాన్ని అవి తొలగించలేవు, అందువల్ల మాత్రలు వాడుతున్నవారిలో కూడా పైపొర యాంటీజెన్ చాలామందికి ఏళ్ల తరబడి రియాక్టివ్‌గానే ఉంటుంది. గల్ఫ్ మెడికల్‌లో చూసేది ఆ యాంటీజెన్‌నే. కనుక కొన్ని నెలల్లో నెగటివ్ చేసిస్తామని ఎవరు డబ్బు అడిగినా ఇవ్వవద్దు. ఆ డబ్బుతో, లేదా డబ్బు లేకుండానే, చేయవలసిన పని వేరే ఉంది. 2018 జూలైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో పరీక్షలూ మందులూ ఉచితం. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగితే దగ్గరలోని కేంద్రం ఎక్కడో చెబుతారు. మీ తమ్ముడినీ మీ అమ్మగారినీ ఇద్దరినీ తీసుకువెళ్లండి. అక్కడ కాలేయ పరీక్షలు, వైరస్ పరిమాణం చెప్పే డీఎన్‌ఏ పరీక్ష, హెచ్‌బీఈఏజీ పరీక్ష, కడుపు స్కానింగ్ చేస్తారు. వాటిని బట్టి ఇప్పుడే మాత్రలు మొదలుపెట్టాలా, లేక ఆరు నెలలకోసారి చూస్తూ ఉంటే చాలా అన్నది వైద్యుడు నిర్ణయిస్తారు. రియాక్టివ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ వెంటనే మాత్రలు అవసరం కావు. ఒకసారి మొదలుపెట్టాక మాత్రం వైద్యుడిని అడగకుండా మానకూడదు, మానితే వైరస్ ఒక్కసారిగా విజృంభించి కాలేయం దెబ్బతినవచ్చు. మద్యం అలవాటు ఉంటే పూర్తిగా ఆపాలి.

ఇంట్లో కంచాలు, గ్లాసులు వేరు చేయవలసిన అవసరం లేదు. ఈ వైరస్ ఒకే పళ్లెంలో తిన్నందువల్ల గాని, దగ్గు వల్ల గాని, పక్కన పడుకున్నందువల్ల గాని సోకదు. రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, పురిట్లో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. ఎండిన రక్తపు మరకలో కూడా వారం పాటు బతికి ఉండగలదు కనుక గడ్డం బ్లేడు, టూత్‌బ్రష్, గోళ్లు తీసే కత్తెర ఎవరివి వారికే ఉండాలి. నాన్ రియాక్టివ్ వచ్చి ఇంతవరకు టీకా తీసుకోని కుటుంబ సభ్యులందరికీ ఇప్పుడు, ఒక నెలకు, ఆరు నెలలకు మూడు డోసులు వేయించండి. ఏజెంటు మీ తమ్ముడికి చెప్పిన ఆ మూడు సూదులు నిజంగా కావలసింది వీళ్లకు.

పెళ్లి ఆపవలసిన పని లేదు, దాచిపెట్టి చేయవలసిన పనీ లేదు. అమ్మాయికి, ఆమె ఇంటివారికి విషయం చెప్పి, వీలైతే చికిత్సా కేంద్రంలోని వైద్యుడి చేతనే చెప్పించండి. ఆమెకు హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్, యాంటీ హెచ్‌బీసీ పరీక్షలు చేయించి, రక్షణ లేదని తేలితే మూడు డోసులు వేయించాలి; చివరి డోసు తరువాత ఒకటి రెండు నెలలకు టైటర్ (యాంటీ హెచ్‌బీఎస్ అంకె) చూసి 10 దాటిందని నిర్ధారించుకునే దాకా కండోమ్ వాడాలి. పెద్దవాళ్లలో నూటికి 5 నుంచి 10 మందిలో తొలి మూడు డోసులకు టైటర్ పెరగదు, అటువంటివారికి మళ్లీ ఒక విడత వేస్తారు. ఆమెకు రక్షణ ఏర్పడితే మీ తమ్ముడి వైరస్ ఆమె ద్వారా కడుపులోని బిడ్డకు చేరే దారి మూసుకుపోతుంది. అయినా పుట్టిన బిడ్డకు 24 గంటల లోపు తొలి టీకా, తరువాత 6, 10, 14 వారాలకు హెపటైటిస్ బి టీకా కూడా కలిసి ఉన్న పెంటావాలెంట్ టీకాలు తప్పక వేయించాలి. తల్లికే వైరస్ ఉన్న కుటుంబాల్లో మాత్రం టీకాతో పాటు, తయారుగా ఉన్న యాంటీబాడీల సూదిని కూడా పుట్టిన 12 గంటల లోపు బిడ్డ రెండో తొడకు వేస్తారు. టీకా చూపిన యాంటీజెన్‌కు బిడ్డ శరీరం స్పందించడానికి పట్టే వారాల పాటు ఆ అరువు యాంటీబాడీలు కాపు కాస్తాయి.